పట్టాల బిగింపు మారింది, వేగం పెరిగింది: ఢిల్లీ విమానాశ్రయ మెట్రో మార్గం

న్యూఢిల్లీ రైల్వేస్టేషన్ వద్ద మెట్రో రైలు ఎక్కిన ప్రయాణీకుడు నేడు సుమారు 16 నిమిషాలలో ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయంలోని 3వ టెర్మినల్ చేరుకోగలుగుతున్నాడు. 2023 సెప్టెంబరు 17 నుండి ఈ మార్గంలో రైళ్ల గరిష్ఠ వేగాన్ని గంటకు 120 కిలోమీటర్లకు పెంచడం జరిగింది. ఇది కొత్తగా పెట్టుకున్న లక్ష్యం కాదు. మార్గాన్ని నిర్మించినప్పుడు సంకల్పించిన వేగమే ఇది. మధ్యలో పోగొట్టుకున్న ఆ వేగాన్ని తిరిగి సాధించడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఇందుకు కారణం రైలు పెట్టెలలో లేదు, వాటిని మోసే పట్టాల కింద ఉంది.

ఢిల్లీ విమానాశ్రయ మెట్రో ఎక్స్‌ప్రెస్ మార్గం 2011 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. 2010 కామన్వెల్త్ క్రీడల నాటికే సిద్ధం చేయాలని తలపెట్టినప్పటికీ అది సాధ్యపడలేదు. న్యూఢిల్లీ నుండి శివాజీ స్టేడియం, ధౌలాకువాఁ, ఏరోసిటీ, విమానాశ్రయం మీదుగా ద్వారకా సెక్టార్ 21 వరకు ఆరు స్టేషన్లతో 22.7 కిలోమీటర్ల పొడవున దీనిని నిర్మించారు. ఇందులో దాదాపు 16 కిలోమీటర్లు సొరంగంలోను, మిగిలినది స్తంభాలపైన సాగుతుంది. సివిల్ పనులను ఢిల్లీ మెట్రో రైల్ కార్పొరేషన్ చేపట్టగా, రైళ్లు, విద్యుత్తు, నిర్వహణ బాధ్యతలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య పద్ధతిలో ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. రైళ్లు స్పెయిన్ దేశం నుండి వచ్చాయి.

ప్రారంభమైన ఏడాదిన్నర లోపే, 2012 జులైలో, సర్వీసులను పూర్తిగా నిలిపివేయవలసి వచ్చింది. వంతెన గర్డర్లను స్తంభాలపై నిలిపే బేరింగులలోను, పట్టాల బిగింపులలోను లోపాలు బయటపడ్డాయి. మరమ్మతుల అనంతరం 2013 జనవరి 22న రైళ్లు మళ్లీ కదిలాయి గాని, వేగాన్ని గంటకు 50 కిలోమీటర్లకే పరిమితం చేశారు. విమానం అందుకోవలసిన ప్రయాణీకుడికి ఎక్స్‌ప్రెస్ అన్న పేరు అప్పట్లో ఎంతవరకు ఊరట కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. అదే ఏడాది జులై 1 నుండి నిర్వహణ బాధ్యతను మెట్రో కార్పొరేషన్ స్వయంగా స్వీకరించింది. ఒప్పందంపై తలెత్తిన వివాదం మాత్రం 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తుది తీర్పు వరకు సాగింది.

వేగం పెంపునకు చేసిన పనులలో ముఖ్యమైనది పట్టాల బిగింపుల మార్పిడి. మనకు తెలిసిన సాధారణ రైలుమార్గంలో స్లీపర్ల కింద కంకర పరచి ఉంటుంది. రైలు అదురును చాలావరకు ఆ కంకర ఇముడ్చుకుంటుంది. మెట్రో సొరంగాలలోను, వంతెనలపైనను కంకర ఉండదు, పట్టాలను కాంక్రీటు పలకలపై నేరుగా బిగిస్తారు. అలా పట్టాను అదిమి పట్టి ఉంచేవి స్ప్రింగు ఉక్కుతో చేసిన టెన్షన్ క్లాంపులు. రైలు వెళ్లిన ప్రతిసారి ఇవి సాగి మళ్లీ యథాస్థితికి రావాలి. వేగం పెరిగేకొద్దీ అదురు పెరుగుతుంది, లోహం త్వరగా అలసిపోతుంది. అలసిన క్లాంపు విరిగితే దాని భారం పక్కనున్న వాటిపై పడుతుంది. అందుచేత మార్గం పొడవునా సుమారు 2.6 లక్షల క్లాంపులను తొలగించి, ఎక్కువ అలసటను తట్టుకొనే కొత్త రకం క్లాంపులను అమర్చారు. పగలు సర్వీసులు ఆపలేదు. రాత్రి చివరి రైలు వెళ్లిన తరువాత, తెల్లవారుజామున మొదటి రైలు బయలుదేరేలోగా దొరికే కొద్ది గంటలలోనే సిబ్బంది ఈ పని పూర్తి చేశారు. ఉదయం రైలెక్కిన వారిలో ఎందరికి ఈ సంగతి తెలిసి ఉంటుంది!

పట్టాలు సిద్ధమైనంత మాత్రాన వేగం పెంచడానికి వీలులేదు. మెట్రో రైలు భద్రతా కమిషనర్ తనిఖీ, అనుమతి తప్పనిసరి. ఈ భద్రతా కమిషన్ రైల్వే శాఖ కింద కాక పౌర విమానయాన శాఖ కింద పనిచేయడం విశేషం. రైళ్లు నడిపేవారు, వాటి భద్రతను తనిఖీ చేసేవారు వేర్వేరుగా ఉండాలన్నది ఇందులోని ఉద్దేశం. ఆ ప్రకారం గంటకు 90 కిలోమీటర్లుగా ఉన్న వేగాన్ని 2023 మార్చిలో 100కు, జూన్‌లో 110కి, సెప్టెంబరులో 120కి అంచెలంచెలుగా పెంచారు. చివరి పెంపు రోజుననే ద్వారకా సెక్టార్ 25లోని యశోభూమి సమావేశ కేంద్రం వరకు మార్గాన్ని సుమారు రెండు కిలోమీటర్లు పొడిగించి, ఏడవ స్టేషన్‌ను ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీ ప్రారంభించారు. న్యూఢిల్లీ నుండి అక్కడికి సుమారు 21 నిమిషాల ప్రయాణం.

స్టేషన్ల విషయానికి వస్తే, ప్లాట్‌ఫారం అంచున గాజు తలుపులు ఈ మార్గంలో మొదటి నుండి ఉన్నవే. రైలు వచ్చి ఆగిన తరువాతనే అవి తెరుచుకుంటాయి. తరువాత వచ్చిన మార్పులలో స్టేషన్ల అనుసంధానాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ధౌలాకువాఁ స్టేషన్ నుండి పింక్ లైన్‌లోని స్టేషన్‌కు 2019 ఫిబ్రవరిలో కిలోమీటరుకు పైగా పొడవైన పాదచారుల వంతెన అందుబాటులోకి వచ్చింది. పెట్టెలు, బేడాతో నడవలేని వారి సౌకర్యార్థం దానిపై కదిలే నడకదారులు ఏర్పాటు చేశారు. ఆ పింక్ లైన్ స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమండ్రిలో జన్మించి, ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ సభలో సభ్యురాలిగా సేవలందించిన ఆ మహనీయురాలి పేరు దేశ రాజధానిలో నిత్యం వినిపించడం తెలుగువారికి గర్వకారణం.

రైళ్లలో 2020 జనవరి నుండి ఉచిత వైఫై కల్పించారు. ఛార్జీలను 2014లో ఒకసారి, 2015లో మరొకసారి తగ్గించి, న్యూఢిల్లీ నుండి విమానాశ్రయానికి 60 రూపాయలుగా నిర్ణయించడంతో ప్రయాణీకుల ఆదరణ పెరిగింది.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్, ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్‌లలో న్యూఢిల్లీ చేరుకొని అక్కడి నుండి విమానం ఎక్కే మన ప్రయాణీకులు రైల్వేస్టేషన్‌లో అజ్మేరీగేట్ వైపు బయటకు రావాలి. విమానాశ్రయ మెట్రో స్టేషన్ ఆ వైపునే ఉంది. 1వ టెర్మినల్ నుండి విమానం ఉన్నవారు మాత్రం ఈ మార్గం ఎక్కరాదు. 2018 మే నుండి ఆ టెర్మినల్‌కు మెజెంటా లైన్‌లో వేరే స్టేషన్ ఉంది. టికెట్‌పై టెర్మినల్ సంఖ్యను బయలుదేరే ముందే సరిచూసుకోవడం మంచిది.

2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాద్ విమానాశ్రయానికి సైతం మెట్రో మార్గం కోసం రాష్ట్రంలో ప్రయత్నాలు సాగాయి. 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుండి 31 కిలోమీటర్ల మార్గానికి శంకుస్థాపన జరిగింది. అనంతరం ఆ ప్రతిపాదనను పక్కనపెట్టి, నాగోలు నుండి చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయం చేరే మార్గాన్ని మెట్రో రెండవ దశలో చేర్చి 2024లో కేంద్ర ప్రభుత్వ ఆమోదం కోసం పంపారు.