బెత్తమూ, బాధ్యతా

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు ప్రతి ప్రభుత్వ పాఠశాలలోనూ ఒకే విచారణ జరుగుతుంది. పై అధికారి ప్రధానోపాధ్యాయుణ్ణి అడుగుతాడు. ప్రధానోపాధ్యాయుడు పంతుళ్లను అడుగుతాడు. పంతుళ్లు పిల్లల్ని చూపిస్తారు: "వీళ్లకు క్రమశిక్షణ లేదండీ, మేం మాత్రం ఏం చెయ్యగలం!" పిల్లలకు చూపించడానికి వాళ్ల కింద ఎవరూ లేరు. అక్కడితో విచారణ ముగుస్తుంది. నేనూ పంతుల్నే. ఆ మాట నేనూ అన్నాను. అన్న తరువాత, ఈ ప్రశ్న ఎప్పుడూ పై నుంచి కిందికే ఎందుకు దిగుతుంది, కింది నుంచి పైకి ఒక్కసారైనా వెళ్లిందా అని పాత నివేదికలు తిరగవేశాను. నాకు కనిపించినదాన్ని మిత్రుల ముందు పెడుతున్నాను.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లాలోనూ ఉన్న బళ్ల లెక్క పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. 1823 ఆగస్టులో బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ పంపిన జవాబు ఆ నివేదికలన్నిటిలోనూ ప్రసిద్ధమైనది. ఈ కాంబెల్ మనకు కొత్తవాడు కాదు. 1816లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసినవాడే. అతని లెక్క ప్రకారం ఆ జిల్లాలో 533 బళ్లున్నాయి. వాటిలో 226 తెలుగు బళ్లు, 235 కన్నడ బళ్లు. చదివే పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో ఆడపిల్లలు 60 మంది.

ఆ బళ్లలోని శిక్షల్ని కాంబెల్ వివరంగా వర్ణించాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న చుడతారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. అట్లా ఆలస్యం పెరిగినకొద్దీ దెబ్బలూ పెరుగుతాయి. మన జిల్లాల్లో దీన్నే శ్రీ, చుక్క అనేవాళ్లు. సోమరులకు బెత్తం దెబ్బలు, రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, ఎడతెరిపి లేకుండా కూర్చుని లేవడం. అంటే మన కోదండమూ, గుంజీళ్లూ అన్నమాట.

ఈ పుటను మనవాళ్లు రెండు రకాలుగా వాడుకున్నారు. ఆ రోజుల్లో గురువంటే భయముండేది గనుకనే చదువు వచ్చేదని కొందరు నిట్టూరుస్తారు. చూశారా, ఎంత అనాగరికమో అని మరికొందరు ముక్కు మీద వేలేసుకుంటారు. ఇరువురూ అక్కడే పుస్తకం మూసేస్తారు. అసలు విషయం తరువాతి పుటల్లో ఉంది.

తొమ్మిది లక్షలకు పైబడిన జనాభాలో ఏడు వేల మంది కూడా ఎందుకు చదవటం లేదు? కాంబెల్ ఈ ప్రశ్న వేసుకున్నాడు. పిల్లల సోమరితనం అనలేదు. పంతుళ్ల చేతగానితనం అని సరిపెట్టలేదు. దేశం క్రమక్రమంగా పేదదైపోతున్నదని రాశాడు. విలాయతీ బట్ట వచ్చి ఇక్కడి చేతివృత్తులవాళ్ల జీవనోపాధిని దెబ్బతీసిందన్నాడు. బిడ్డ లేత చేతులు ఏ కొంచెం పని చెయ్యగలిగినా తల్లిదండ్రులు బడి మాన్పించక తప్పడం లేదన్నాడు. చివరికి, ఈ 533 బళ్లలో ఒక్కదానికైనా ప్రభుత్వ సహాయం లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నానన్నాడు. శిస్తు వసూలు చేసే చేయే ఈ మాట రాసింది. కాంబెల్‌ను మహనీయుణ్ణి చెయ్యాలని నా ఉద్దేశం కాదు. ఆ వీధి బళ్లు స్వర్ణయుగమూ కాదు. అంటరానివాళ్లని నెట్టివేసినవాళ్ల పిల్లలకు ఆ అరుగుల మీద సామాన్యంగా చోటు లేదు. కాని బడి విఫలమైతే జవాబు చెప్పవలసినవాళ్ల వరుసలో రాజ్యాన్ని కూడా నిలబెట్టిన పత్రం అది. అందుకే దాన్ని మరిచిపోవడం పాలకులకు అవసరమైంది.

ఆ మరపుకు శాస్త్రం వంటి రూపం ఇచ్చినవాడు ఇంగ్లండులో రాబర్ట్ లో. 1862లో అతను ప్రవేశపెట్టిన సవరించిన నియమావళి ప్రకారం బడికి వచ్చే గ్రాంటు ప్రధానంగా పరీక్ష మీద ఆధారపడింది. ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి, బిడ్డ బిడ్డనూ చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింట్లో పరీక్షిస్తాడు. పిల్లవాడు ఒక్కొక్క దాంట్లో తప్పినప్పుడల్లా గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. చదువు సమర్థంగా ఉండాలి, లేదా చవకగా ఉండాలి అన్నదే లో వాదం. చవక మాత్రం నెగ్గింది. 1861లో 8 లక్షల 13 వేల పౌన్లున్న గ్రాంటు 1865కు 6 లక్షల 36 వేలకు పడిపోయింది.

సమర్థత సంగతి ఏమైంది? కవిగా, విమర్శకుడుగా మనకు తెలిసిన మాథ్యూ ఆర్నాల్డ్ పొట్టకూటికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు. ఉద్యోగంలో ఉంటూనే ఆ విధానాన్ని ఎదిరించాడు. కాస్త యుక్తిగా తయారు చేస్తే, నిజంగా చదవడం రాకపోయినా పిల్లల్ని చదివే పరీక్షలో గట్టెక్కించవచ్చునని 1867 నివేదికలో తేల్చి చెప్పాడు. పంతులు జీతం పిల్లవాడి నాలుక చివర వేలాడినప్పుడు పంతులు చేతికి బెత్తం రావడం వింత కాదు. పైవాడు పంతులును కొట్టలేదు, కోత పెట్టాడు. ఆ కోతే బెత్తమై పిల్లవాడి వీపు మీద దిగింది.

ఈ సరుకు ఓడెక్కి మనకూ వచ్చింది. 1860లలోనే మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు పద్ధతి మొదలైంది. తెలుగు జిల్లాల వీధి బడి పంతులు ఇన్‌స్పెక్టరు రాకకోసం పంచాంగం చూసుకునే స్థితికి వచ్చాడు. 1882లో నియమించిన హంటర్ కమిషన్ ప్రాథమిక విద్యకు ఆ పద్ధతినే సమర్థించింది. ఆ కమిషన్‌కే జ్యోతిరావు ఫూలే ఒక విజ్ఞాపన ఇచ్చాడు. ప్రభుత్వ ఆదాయంలో అధిక భాగం రైతు చెమట నుంచి వస్తుండగా, దాన్ని పై వర్గాల ఉన్నత విద్యకు ఖర్చు పెడుతున్నారని అందులో నిలదీశాడు. ఫలితాలను బట్టి చెల్లించడం పేదవాళ్లలో చదువు పెంచడానికి ఏ మాత్రం తగదనీ, అట్లాంటి చోట స్వంతంగా బడి పెట్టి బతకగల పంతులు ఉండడనీ అన్నాడు. వినవలసినవాళ్లు వినలేదు. 20వ శతాబ్ది తొలి సంవత్సరాల్లో గాని ఆ పద్ధతిని వదిలిపెట్టలేదు. 1911లో గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యకు బిల్లు తెస్తే, మరుసటి ఏడు 13 ఓట్ల మీద 38 ఓట్లతో దాన్ని తోసేశారు. పిల్లవాడి పరీక్షకు డబ్బున్న ప్రభుత్వానికి పిల్లవాడి చదువుకు డబ్బు లేకపోయింది!

ప్రశ్నను మరోవైపు తిప్పినవాళ్లు మనలోనూ ఉన్నారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి, సవర పిల్లలకు చదువు రావడం లేదంటే తప్పు పిల్లల్లో వెతకలేదు. తానే సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పాఠాలు రాసి, వాళ్లకు బడి పెట్టాడు. తరువాత ఉత్తర సర్కారు జిల్లాలకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె. ఎ. యేట్స్, బళ్లలో తెలుగు పాఠం ఎందుకింత నిర్జీవంగా ఉందని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగునూ, గురజాడనూ కదిలించింది. వ్యావహారిక భాషోద్యమం పుట్టుకలో ఒక తనిఖీ అధికారి అడిగిన సరైన ప్రశ్న ఉంది. పిల్లవాడికి పాఠం రాలేదనడం ఒక మాట. పాఠం పిల్లవాడి దగ్గరికి రాలేదనడం వేరొక మాట. మొదటిది బెత్తానికి దారి తీస్తుంది, రెండోది ఉద్యమానికి.

ఇప్పటి సంగతి చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇది మంచి పని. దీన్ని మన ఉపాధ్యాయ సంఘాలు నిస్సంకోచంగా సమర్థించాలి. ఉల్లంఘించిన పంతులు మీద క్రమశిక్షణ చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. ప్రాథమిక పాఠశాలలో 30 మంది పిల్లలకొక ఉపాధ్యాయుడు, మంచినీళ్లు, మరుగుదొడ్లు ఉండాలని అదే చట్టం ప్రభుత్వాన్నీ ఆదేశించింది. ఇవి లేనప్పుడు శిక్ష అనుభవించే అధికారి ఎవరో, మంత్రి ఎవరో ఆ చట్టంలో వెతికి చూడండి, దొరకడు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు కేటాయించాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది. 2020 విధానమూ అదే 6 శాతాన్ని మళ్లీ చెప్పింది. ఈ పరీక్షలో ఇన్నేళ్లుగా తప్పుతూ వచ్చిన విద్యార్థిని ఎవరూ గోడకుర్చీ వేయించలేదు. ఐదు, ఎనిమిది తరగతుల్లో తప్పిన పిల్లల్ని ఆపివేయడానికి మాత్రం 2019లో సవరణ తెచ్చారు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఒక కుర్రవాణ్ణి వరుసగా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాడని తరగతి బయట నిలబెట్టాను. ఐదో రోజు వాడు రాలేదు. పత్తి చేలో కూలికి వెళ్లి వస్తున్నాడనీ, ఇక రాడనీ వాళ్లమ్మ చెప్పింది. "తమరు నిలబెట్టారని కాదులే సారూ" అంది, నన్ను ఓదార్చటానికి. కాంబెల్ రాసిన లేత చేతుల మాట నేను అప్పటికి చదవలేదు. చదివి ఉంటే ఆ కుర్రవాణ్ణి లోపలికి పిలిచేవాణ్ణి. పిలవకపోవడం నా తప్పు, దానికి జవాబు నేనే చెప్పాలి. కాని వాణ్ణి చేలోకి పంపినదానికి జవాబు చెప్పవలసినవాళ్లు వేరే ఉన్నారు. నా వంతు జవాబు నేను చెప్పిననాడే వాళ్ల వంతు అడగడానికి నాకు నోరు లేస్తుంది. మన సంఘాలు చేతిలోని బెత్తం కింద పడెయ్యాలి. ఆ చేతినే పైకెత్తి ప్రశ్న వెయ్యాలి.