పాటతోపాటు పేరు: ఇంటి సంగీత సర్వర్ పుట్టుపూర్వోత్తరాలు

ఇంట్లోని సీడీల పాటలన్నింటినీ ఫైళ్ళుగా మార్చి ఒకచోట దాచి, ఏ గదిలో ఏ పాట కావాలంటే ఆ పాటను నెట్‌వర్క్ ద్వారా అక్కడి స్పీకర్‌కు అందించే కంప్యూటర్‌ను సంగీత సర్వర్ అంటారు. స్ట్రీమింగ్ పాటలను, అంటే దాచుకోకుండానే ఇంటర్నెట్ నుంచి వింటున్నంతసేపూ వస్తూ ఉండే పాటలను కూడా అదే జాబితాలో చేర్చి చూపడం దీని రెండో పని. సొంతంగా కూడబెట్టుకున్న పాట, ఎక్కడినుంచో ప్రసారమై వచ్చే పాట అనే ఈ రెండూ హైదరాబాద్ పాతబస్తీకి కొత్తవి కావు. మొదటిది గ్రామఫోన్ రికార్డుతో, రెండోది రేడియోతో చాలాకాలం కిందటే ఇక్కడి ఇళ్ళకు చేరాయి.

మన దేశంలో రికార్డుల వ్యాపారానికి గట్టి పునాది 1902లో, గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గాయని గౌహర్ జాన్ వంటివారి పాటలను రికార్డు చేయడంతో పడింది. ఆనాటి మూల ఫలకాలు ముద్రణకు జర్మనీలోని హానోవర్ వెళ్ళేవి కనుక, అక్కడి పనివారికి పాట ఎవరిదో తెలియడానికి గాయని పాట చివర తన పేరును తానే పలికేది. పాటతోపాటు పేరు కూడా ప్రయాణించాలన్న అవసరం ఆనాడే తలెత్తింది. అయితే ఒక వైపున మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టని ఆ 78 ఆర్‌పీఎం రికార్డు ఖవ్వాలీకి చాలా ఇరుకైనది. బహదూర్ షా జఫర్ ఆస్థానంలో పాడి, తర్వాత హైదరాబాద్ చేరిన తాన్‌రస్ ఖాన్ వంశంలోని అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ 1971లో పద్మశ్రీ అందుకున్నారు. అటువంటివారి ఖవ్వాలీ ఒకే పంక్తిని మళ్ళీ మళ్ళీ ఎత్తుకుంటూ, సభ స్పందనను బట్టి పెరుగుతూ పోతుంది. 1948లో అమెరికాలో వచ్చిన ఎల్‌పీ రికార్డు, 1963లో ఫిలిప్స్ తెచ్చిన క్యాసెట్టు క్రమంగా ఇక్కడికీ చేరాకే ఆ గానానికి తగిన నిడివి దొరికింది.

రేడియో కథ వేరు. 1935లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. ఛత్తా బజారులోని మహబూబ్ రేడియో సర్వీస్ వంటి దుకాణాలు వాల్వు రేడియోల మరమ్మతుకు పేరు తెచ్చుకున్నాయి. రేడియో శ్రోత పాటను వినగలిగాడే గాని దాచుకోలేకపోయాడు. నేటి స్ట్రీమింగ్‌కూ అదే పరిమితి ఉంది, ఎందుకంటే స్ట్రీమింగ్ సంస్థకు ఒక పాట హక్కులు ముగిసిన రోజున అది శ్రోత జాబితా నుంచి మాయమవుతుంది.

1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ ధ్వనిని అంకెలుగా మార్చింది: ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు, మొత్తం మీద గంట సంగీతానికి దాదాపు 635 మెగాబైట్లు. ఆ అంకెలను ఫైలుగా కంప్యూటర్‌లోకి ఎక్కించడమే రిప్పింగ్. ఇక్కడే ఒక లోటు బయటపడింది. తొలి సీడీ ప్రమాణంలో పాట పేరుకుగాని, గాయకుడి పేరుకుగాని తప్పనిసరి చోటు లేదు. అందుకే 1990ల్లో వచ్చిన సీడీడీబీ అనే పట్టిక, సీడీలో ఎన్ని పాటలున్నాయో, ఒక్కొక్కటి ఎంతసేపుందో చూసి ఆ కొలతలను బట్టి సీడీని గుర్తుపట్టే పద్ధతిని తెచ్చింది. అందులోని వివరాలు వాడుకరులు ఎక్కించినవి కావడంతో, ఎవరూ ఎక్కించని సీడీకి పేర్లు ఉండవు, తప్పుగా ఎక్కించిన సీడీకి తప్పుడు పేర్లే వస్తాయి.

ఫైళ్ళ విషయంలోనూ రెండు దారులు ఏర్పడ్డాయి. 1990ల్లో వ్యాపించిన ఎంపీ3, చెవికి అంతగా పట్టని ధ్వనిని వదిలేసి పరిమాణాన్ని బాగా తగ్గిస్తుంది. అలా వదిలేసింది మళ్ళీ రాదు. 2001లో తొలి పూర్తి రూపం పొందిన ఫ్లాక్ ఏదీ వదలకుండానే సీడీ సమాచారాన్ని సుమారు సగం నుంచి మూడింట రెండు వంతులకు కుదిస్తుంది. అదే 2001లో స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ స్లింప్3 అనే ప్లేయర్‌ను విడుదల చేసింది. అది పాటలను తనలో దాచుకోకుండా, ఇంట్లోని కంప్యూటర్‌ను అడిగి తెచ్చుకునేది. నేటి ఇంటి సర్వర్‌కు అది తొలి నమూనాలలో ఒకటి. దాని వారసుడైన స్క్వీజ్‌బాక్స్ ప్రచారంలోకి వచ్చాక 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొని, 2012లో ఆ ప్లేయర్ల తయారీని నిలిపివేసింది. సర్వర్ సాఫ్ట్‌వేర్ మూలం అందరికీ బాహాటంగా ఉన్నందువల్ల మాత్రం వాడుకరులే దాన్ని కాపాడుకుంటూ వచ్చారు. నేడు అది లిరియన్ మ్యూజిక్ సర్వర్ పేరుతో ఉచితంగా దొరుకుతూ, రాస్ప్‌బెరీ పై వంటి అరచేతి కంప్యూటర్‌లో కూడా పనిచేస్తుంది.

యంత్రం పోయినా పాట నిలవాలన్నదే ఈ చరిత్ర చెప్పే పాఠం. సర్వర్ ఎంపికలో మొదట చూడవలసిందీ అదే. పాటలు ఫ్లాక్ వంటి బహిరంగ రూపంలో ఉండాలి. వాటి పేర్లు సర్వర్ సొంత పట్టికలో మాత్రమే కాక ఫైలులోపలే రాసి ఉండాలి. ఇలా ఫైలులో ఇమిడిన వివరాలను ట్యాగులు అంటారు. సాధారణ సర్వర్లు ఆల్బమ్, గాయకుడు అనే రెండు గళ్ళను ప్రధానంగా చూపుతాయి; సినిమా పాటకు చిత్రం, సంగీత దర్శకుడు, గీత రచయిత కావాలి, ఖవ్వాలీకి కవి పేరు కావాలి. ఫ్లాక్ ట్యాగుల్లో ఇలాంటి గళ్ళను ఎన్నైనా చేర్చుకోవచ్చు, తెలుగు, ఉర్దూ లిపుల్లో నేరుగా రాసుకోవచ్చు. కుడినుంచి ఎడమకు సాగే ఉర్దూ పేర్లు తెరమీద సరిగా కనిపిస్తాయో లేదో ముందే పరీక్షించాలి. ఘంటసాల పేరు ఒక సీడీలో ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకదానిలో తెలుగులో, మరొకదానిలో ఇంటిపేరుతో సహా ఉంటే జాబితాలో ముగ్గురు గాయకులు కనిపిస్తారు. రిప్పింగ్ సమయంలోనే పేరు రాసే పద్ధతిని ఒకటిగా నిర్ణయించుకుంటే ఈ చిక్కు రాదు.

సభలో రికార్డయిన ఖవ్వాలీని సీడీలో పలు భాగాలుగా విడగొట్టినప్పుడు, ఆ భాగాల మధ్య క్షణకాలపు మౌనం కూడా లేకుండా వినిపించగలగడం సర్వర్‌కు రెండో పరీక్ష. మూడోది స్ట్రీమింగ్ పొత్తు: 2015లో వచ్చిన రూన్ వంటి చందా సాఫ్ట్‌వేర్ సొంత సేకరణను, స్ట్రీమింగ్‌ను చక్కగా కలుపుతుంది కాని కొన్ని ఎంచుకున్న సేవలతోనే పనిచేస్తుంది, కనుక శ్రోత తాను వాడే సేవ అందులో ఉందో లేదో చూసుకోవాలి. యంత్రానికి పెద్ద శక్తి అక్కరలేదు. గంట నిడివి గల 500 సీడీలు ఫ్లాక్ రూపంలో ఒక టెరాబైట్ డిస్కులో సగాన్ని కూడా నింపవు. అంతకంటే ముఖ్యమైనవి కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు ఆదుకునే యూపీఎస్, వేరే ఇంట్లో భద్రపరచిన రెండో ప్రతి.

ధ్వనితోపాటు పాడినవారి పేరును, రాసినవారి పేరును రేపటి యంత్రానికి చెక్కుచెదరకుండా అప్పగించగలిగినదే మంచి సర్వర్. మిగిలిన హంగులన్నీ దాని తర్వాతే.