బేగంపేట గుమ్మటం నుంచి పక్క గెలాక్సీల దాకా

పోస్టు జెర పెద్దగైంది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

మేం ముగ్గురం శ్రీనగర్ కాలనీలో ఒకే రూములో ఉంటున్నం. మూడు ఇళ్లలోనూ కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. ఈ ఏరియాలో స్టార్ అంటే ఫిల్మ్‌నగర్ హీరోనే. రాత్రి టెర్రస్ ఎక్కితే జూబ్లీహిల్స్ వైపు ఆకాశం నారింజ రంగులో వెలుగుతుంటది, చుక్కలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి ఒకాయనను గెలాక్సీల గురించి ఏదో అడిగితే, "ఏజెన్సీ నుంచి వచ్చినోళ్లు ముందు పాసవ్వండి, అవన్నీ తర్వాత" అన్నడు. ఆ మాట గుచ్చుకుంది. ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టినం. చదివితే తెలిసిందేమంటే, ఆ కథలో ఒక ముక్క మా హాస్టల్ నుంచి నడిచి పోయేంత దూరంలోనే ఉంది.

బేగంపేట, అమీర్‌పేట మధ్య సెస్ సంస్థ ప్రాంగణంలో ఉన్న నిజామియా అబ్జర్వేటరీ అది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ అనే ఆయన సొంత డబ్బుతో ఐర్లండ్‌లోని గ్రబ్ కంపెనీ టెలిస్కోపు కొని, ఫిసల్‌బండలో అబ్జర్వేటరీ పెట్టిండు. అద్దం 15 అంగుళాలు. ఆయన 1907లో చనిపోయాక నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది, తర్వాత బేగంపేటకు మార్చింది. 1919లో అది ఉస్మానియా యూనివర్సిటీ కిందికొచ్చింది.

అక్కడ జరిగిన పెద్ద పని వింటే ముందు విసుగే వస్తది. 1887లో పారిస్‌లో పలు దేశాల ఖగోళ శాస్త్రజ్ఞులు కూర్చుని, మొత్తం ఆకాశాన్ని ఫొటోలు తీసి ఒక్కో నక్షత్రం ఎక్కడుందో కొలిచి రాయాలని ఒప్పందం చేసుకున్నరు. భూమి సర్వే చేసి పట్టా పుస్తకం రాసినట్టే, ఆకాశానికి సర్వే. ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ. చిలీ దేశంలోని శాంటియాగో వాళ్లకిచ్చిన పట్టీ వాళ్లతో కాలేదు. అది హైదరాబాద్‌కు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న భాగం. మొదట చాట్‌వుడ్, తర్వాత పోకాక్, 1918 నుంచి టి.పి. భాస్కరన్ డైరెక్టర్లుగా నడిపించిన్రు. గాజు పలకల మీద ఫొటో, దాని మీద గళ్లు, భూతద్దంలో చూసి ఒక్కో చుక్కకు రెండు అంకెలు. ఏళ్ల తరబడి ఇదే పని. తమ పట్టీ అయ్యాక జర్మనీలోని పోట్స్‌డామ్ వాళ్లు వదిలేసిన భాగంలో కొంత కూడా వీళ్లే చేసిన్రు. మొత్తం ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు, 12 సంపుటాలు.

ఇందులో గెలాక్సీలు ఎక్కడున్నయ్ అంటారా? సరిగ్గా ఆ ఏళ్లలోనే అవి గెలాక్సీలని తేలింది.

అప్పటిదాకా టెలిస్కోపులో మబ్బు ముక్కల్లా కనబడేవాటిని నెబ్యులాలు అనేటోళ్లు. 1845లో ఐర్లండ్‌లోనే లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోపులో చూస్తే ఒక మబ్బు సుడి తిరిగినట్టు కనిపించింది. అలాంటి సుడులు ఇంకా దొరికినయ్. అవి మన పాలపుంత లోపల ఉన్న మబ్బులా, లేక బయట ఉన్న వేరే పాలపుంతలా? దీని మీద 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో షాప్లీ, కర్టిస్ వాదించుకున్నరు. అంతా మన ఇంట్లోదే అన్నడు షాప్లీ. కాదు, వేరే ఇళ్లు అన్నడు కర్టిస్.

తేల్చింది ఎడ్విన్ హబుల్. కానీ ఆయన చేతిలో ఉన్న కొలబద్ద హెన్రియెట్టా లెవిట్ ఇచ్చింది. ఆమె హార్వర్డ్‌లో గాజు పలకలు చూసి లెక్కలు రాసే ఉద్యోగి. అంటే బేగంపేటలో చేసినట్టే, కూర్చుని చుక్కలు చూసే పని. కొన్ని నక్షత్రాలు క్రమం తప్పకుండా పెరుగుతూ తగ్గుతూ మిణుకుతయ్. ఎంత నిదానంగా మిణికితే అసలు వెలుగు అంత ఎక్కువని ఆమె 1912లో చూపించింది. దీపం అసలు ఎంత పెద్దదో తెలిస్తే, మనకు ఎంత చిన్నగా కనిపిస్తుందో చూసి దూరం చెప్పొచ్చు కదా. 1923 అక్టోబరులో హబుల్‌కు ఆండ్రోమెడా సుడిలో అలాంటి నక్షత్రం దొరికింది. లెక్క కడితే తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలు వచ్చింది. పాలపుంతలో అంత దూరం ఇమడదు. కర్టిస్ మాటే నిజమైంది. తర్వాత ఆ దూరాన్ని సరిచేసిన్రు, ఇప్పుడు లెక్క దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాలు.

అప్పుడు బేగంపేటలో ఏం చేస్తున్నరు? చుక్కలే కొలుస్తున్నరు. ఇది చదివి మాకు మొదట బాధైంది. వాళ్లేమో గెలాక్సీలు కనిపెడుతుంటే మనోళ్లు పట్టా రాస్తున్నరా అని. కానీ ఆ పట్టా ఊరికే పోలేదు. వందేళ్ల నాటి చోటు, ఇప్పటి చోటు పక్కపక్కన పెడితేనే నక్షత్రం ఎటు కదిలిందో తెలుస్తది. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో దాదాపు 25 లక్షల నక్షత్రాల కదలికలు అట్లనే కట్టిన్రు. శాటిలైట్ కొలతల పక్కన పెట్టింది ఈ పాత సర్వే అంకెలనే. సొంత గెలాక్సీ లోపలి కదలిక కూడా ఇట్లనే తెలుస్తది.

ఇంకో సంగతి మాకు మస్తు నచ్చింది. హైదరాబాద్‌కు వచ్చిన ఆ ఆకాశపు పట్టీలోనే ఎన్‌జీసీ 247 అనే సర్పిల గెలాక్సీ ఉంది, కోటి కాంతి సంవత్సరాలకు కొంచెం అవతల. అదే పట్టీలో, రైతులు హస్త అని పిలిచే చుక్కల పక్కన, ఒకదాన్నొకటి ఢీకొంటున్న రెండు గెలాక్సీలు ఉన్నయ్. పురుగు మీసాల్లాగ రెండు తోకలు బయటికి సాగి ఉంటయ్, అందుకే ఇంగ్లీషులో యాంటెనా అంటరు. ఇట్లా గెలాక్సీలు ఢీకొంటే ఏమైతదని లెక్క కట్టిన తొలివాళ్లలో ఒకాయన మన ఉస్మానియా ప్రొఫెసరే. సాలే మహమ్మద్ అల్లాదీన్. షికాగోలో 1963లో దీని మీదే పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పిండు. రెండు గెలాక్సీలు ఒకదానిలోంచి ఒకటి దూరిపోయినా నక్షత్రాలు గుద్దుకోవు, వాటి మధ్య అంత ఖాళీ ఉంటది. ఆకర్షణ బలంతో మాత్రం రెండూ ఆకారం పోగొట్టుకుంటయ్, వేగం తగ్గి ఒక్కోసారి కలిసిపోతయ్. ఈ పని 1965లో అమెరికా ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో అచ్చైంది. టూమ్రే సోదరులు కంప్యూటర్‌తో ఆ తోకలు గీసి చూపించింది 1972లో.

బేగంపేట చుట్టూ ఇళ్లు, లైట్లు పెరిగాక అక్కడ ఆకాశం పనికిరాకుండా పోయింది. 48 అంగుళాల కొత్త టెలిస్కోపును 1968లో ఊరవతల జాపాల, రంగాపూర్ గ్రామాల దగ్గర పెట్టిన్రు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే చూసిన్రు. ఇప్పుడు నగరం అటు కూడా పోతున్నది.

చదువుతుంటే మాకు మళ్లీ మళ్లీ ఊరే గుర్తొచ్చింది. శాస్త్రజ్ఞులు ఏ చీకటి కోసం ఊళ్లు మారిన్రో, ఆ చీకటిని మనం సిగ్గుగా చెప్పుకున్నం, "మా ఊర్లో కరెంటు లేదు" అని. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మయాంక్ వాహియా, గణేశ్ హాల్కరే మహారాష్ట్ర వైపు గోండు గూడేలు తిరిగి, పెద్దల దగ్గర చుక్కల పేర్లు రాసుకుని 2013లో అచ్చేసిన్రు. సప్తర్షి మండలంలో నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం, మిగతా మూడూ దాన్ని ఎత్తుకుపోయే దొంగలు. మాలో ఒకడు చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన పడుకుని విన్న కథే అది! పుస్తకంలో చూసి వాడు ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసిండు.

ఈసారి దండారికి ఊరికి పోయినప్పుడు ఒక పని చేద్దాం. దీపావళి అమావాస్య కాబట్టి చీకటి బాగుంటది. రాత్రి తొమ్మిది, పది మధ్య గుస్సాడీల డప్పులు కాసేపు ఆగినప్పుడు హైమాస్ట్ లైటుకు దూరంగా, చెరువు కట్ట అవతలికి పొండి. కళ్లకు పావుగంట చీకటి అలవాటు కానివ్వండి, ఫోన్ తీయొద్దు. ఉత్తరాన ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఐదు చుక్కలుంటయ్. అందులో ఎక్కువ కోసుగా ఉన్న మొన చూపే దిక్కులో, నెత్తి మీదికి వస్తూ వెతకండి. ఊదితే పోయేట్టు తెల్లటి మరక ఒకటి ఉంటది. సూటిగా చూస్తే మాయమైతది, కొంచెం పక్కకు చూస్తే కనబడతది. అదే ఆండ్రోమెడా. అల్-సూఫీ అనే పర్షియా పండితుడు 964లోనే చిన్న మబ్బని రాసిపెట్టిండు.

దానికి మీ గూడెంలో, తండాలో ఏమైనా పేరుందా? కోయ, గోండి, కొలామి, లంబాడీ, ఏ భాషలోనైనా సరే. ముసలోళ్లను అడిగి, చెప్పినోళ్ల ఊరి పేరుతో కింద రాయండి. మావాడి అమ్మమ్మను అడిగితే, ఆ మరకకు పేరు గుర్తు లేదంది. కానీ ఎక్కడ ఉంటదో వేలు పెట్టి చూపిస్తా, ఊరికి రమ్మంది.