వీసం, పరక, పావు

పావులూరి మల్లన ఏనాడో మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినా, వీధిబడి పిల్లలకు భాగహారం ఒంటబట్టించింది మాత్రం వీసం (పదహారో వంతు), పరక (ఎనిమిదో వంతు), పావు ఎక్కాలే. అప్పట్లో రూపాయికి పదహారణాలు, సగం ఎనిమిది, అందులో సగం నాలుగు. ఎనిమిదిమందికి పంచాలంటే ఇంకొక్క సగం, తలా రెండణాలు: అదే పరక. పలక అక్కర్లేని లెక్క!

ఇది వట్టి బట్టీయమనేవారున్నారు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ కూడా అర్థం తెలియని పద్యాల వల్లెవేతను తప్పుపట్టాడు. పద్యాల సంగతి ఒప్పుకోవచ్చు. లెక్కల్లో మాత్రం పిల్లలు కంఠస్థం చేసింది పంచే పద్ధతినే. అయితే ముగ్గురికి పంచాల్సివస్తే సగాల దారి సాగదు. తలా ఐదణాలు పోగా అణా మిగులుతుంది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలయ్యాక పరక కాస్తా పన్నెండున్నర పైసలైంది. బజారులో ఆ ఎక్కాలకు పని తగ్గింది.