రైలు లేని దీవులకు చాతం రేవు

అండమాను దీవులలో రైలుమార్గము లేదు. మన పల్లెలకు రైలు స్టేషను ఎట్టిదో, ఈ దీవులకు రేవు అట్టిది. అట్టి రేవులలో మొదటగా పేర్కొనదగినది చాతం.

1789లో ఆర్చిబాల్డ్ బ్లేయర్ తొలి స్థావరమును ఈ చిన్నదీవిపైననే నెలకొల్పెను. 1792లో దానిని ఉత్తర అండమానుకు తరలించిరి. వ్యాధులు ప్రబలుటచే 1796లో అదియును విడిచిరి. 1858 మార్చిలో డాక్టరు వాకర్ ఇన్నూరుమంది ఖైదీలతో వచ్చి చాతంలోనే దిగెను. మంచినీరు చాలనందున మకాము త్వరలోనే రాస్ దీవికి మారినది.

రెండుమారులు విడువబడిన చాతంకు నిలుకడ నిచ్చినది కలప. 1883లో ఇచ్చట ప్రభుత్వ కలపకోత మిల్లు వెలసెను. అడవిలో ఏనుగులు ఈడ్చిన దుంగలు సముద్రమార్గమున ఇచ్చటికి చేరెడివి. అండమాను గర్జన్ కలప స్వదేశమున రైలు స్లీపర్లకు ఉపయోగపడినది. రైలెరుగని అడవి రైలుపట్టాలను మోసినది! 1942 మార్చిలో జపాను బాంబు మిల్లుపై పడెను. ఆ గుంట నేటికిని కలదు.

నేడు వంతెన దాటిన పట్టణమే. 2024లో శ్రీవిజయపురమైన ఆ పట్టణము అంతవరకు బ్లేయర్ పేరనే ఉండెను. అయినను ఖైదీలకు చాతం తిరుగు టిక్కెట్టు లేని మజిలీ. సంకెళ్లతో అడవి నరికి బాట వేసినవారు వారే. ఉద్యోగార్థమై సముద్రము దాటి వచ్చినవారు మొదట స్మరింపదగినదియు వారినే.