గుండెకు ఎంత నెత్తురు కావాలి?

గుండె శస్త్రచికిత్స అనగానే మన ఇళ్లలో నెత్తురు కోసం వెదుకులాట మొదలవుతుంది. ఎవరిది ఏ గ్రూపు, ఎవరు రాగలరు అని బంధువులకు కబుర్లు వెళతాయి. ఎంత ఎక్కిస్తే రోగికి అంత బలమన్న నమ్మకం ఆ హడావుడి వెనుక ఉంటుంది. వైద్యులకూ చాలాకాలం ఆ నమ్మకమే ఉండేది. అది సడలిన తీరు నాకు వైద్యచరిత్రలో మిక్కిలి ఆసక్తికరమైన ఘట్టంగా తోస్తుంది.

1901లో లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను గుర్తించాడు. 1916లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి పరిశోధన హెపారిన్‌కు దారి తీసింది. 1937లో షికాగోలో బెర్నార్డ్ ఫాంటస్ రక్తనిధిని నెలకొల్పాడు. ఇవన్నీ సమకూరాకనే, 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఒక యువతి గుండె పనిని యంత్రానికి అప్పగించి, లోపలి రంధ్రాన్ని మూయగలిగాడు. మరుసటి ఏడు మినెసోటాలో వాల్టన్ లిల్లెహై యంత్రాన్నే పక్కనపెట్టాడు. బిడ్డ రక్తనాళాలను తండ్రి లేదా తల్లి రక్తనాళాలకు కలిపి, పెద్దవారి గుండె, ఊపిరితిత్తులతోనే బిడ్డను బతికించుతూ ఆపరేషన్ చేశాడు.

తరువాత యంత్రాలే నిలిచాయి. కాని ఆనాటి యంత్రాల గొట్టాలను నింపడానికే పలువురు దాతల నెత్తురు కావలసివచ్చేది. రోగికి కత్తి తగలకముందే సీసాలు ఖాళీ అయ్యేవి.

ఈ అలవాటును ప్రశ్నించినవారిలో రోగులూ ఉన్నారు. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారు మతవిశ్వాసం వల్ల పరుల రక్తం ఎక్కించుకోరు. హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ అటువంటివారికి శస్త్రచికిత్స చేయడానికి ఒప్పుకున్నాడు. యంత్రాన్ని నెత్తురుతో కాక గ్లూకోజు ద్రావణంతో నింపాడు. రోగి నెత్తురు పలచబడినా శరీరం ఓర్చుకుంది. రక్తమార్పిడి లేకుండా చేసిన 542 గుండె, రక్తనాళాల శస్త్రచికిత్సల వివరాలను అతని బృందం 1977లో ప్రకటించింది. ఆ రోగుల్లో మరణాలు లేకపోలేదు. అయినా, నెత్తురు ఎక్కించకుండా ఈ పని అసాధ్యమన్న మాట మాత్రం అక్కడితో చెల్లకుండా పోయింది.

మరి ఎప్పుడు ఎక్కించాలి? హిమోగ్లోబిన్ 10 గ్రాములకు తగ్గితే ఎక్కించాలన్నది దశాబ్దాల పాటు నడిచిన నియమం. 1942లో ఆడమ్స్, లండీ అనే మత్తు వైద్యులు అనుభవం మీద చేసిన సూచన దానికి మూలం. ప్రయోగాలతో తేల్చిన సంఖ్య కాదది. 1980లలో ఎయిడ్స్ భయం వచ్చాక గాని దాన్ని గట్టిగా ప్రశ్నించలేదు.

జవాబు కోసం నిజమైన పరీక్షలు 21వ శతాబ్దంలో జరిగాయి. 2015లో బ్రిటన్ అధ్యయనం రోగులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు 9 గ్రాముల కంటె, మరో జట్టుకు 7.5 కంటె తగ్గితేనే రక్తం ఇచ్చింది. ప్రధాన ఫలితాల్లో తేడా కనబడలేదు గాని, 90 రోజుల్లో మరణాలు తక్కువ రక్తం ఇచ్చిన జట్టులోనే కొంత హెచ్చుగా (4.2 శాతం, రెండవదానిలో 2.6) ఉండడం కలవరపెట్టింది. 2017లో 19 దేశాల్లో సుమారు 5,000 మందితో జరిగిన మరింత పెద్ద అధ్యయనం ఆ కలవరాన్ని చాలావరకు తీర్చింది. 7.5 దాకా ఆగినవారికి అదనపు హాని కలగలేదు. రక్తం ఎక్కించవలసివచ్చినవారు 73 శాతం నుండి 52 శాతానికి తగ్గారు.

దీని అర్థం నెత్తురు వద్దని కాదు. ధారగా పోతున్న రోగికి అదే ప్రాణం. ఆ నిర్ణయం వైద్యునిదే. అయితే సంఖ్యను చూసి అలవాటుగా ఎక్కించే ప్రతి సీసా మరొకరికి అందకుండా పోతుంది. మన దేశంలో డబ్బుకు రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుండి నిషిద్ధం. ఇక్కడ ప్రతి సీసా ఎవరో ఒకరు ఉచితంగా ఇచ్చినదే. గుండె వార్డులో మిగిలిన సీసా కాన్పులో నెత్తురు పోయిన తల్లికో, తలసీమియా బిడ్డకో చేరుతుంది. దాత చేయి చాచేది వారి కోసం కూడా కదా!