సెరంపూరు కళాశాల ప్రవేశ నిబంధన (1833): ఒక పునఃపరిశీలన

సెరంపూరు కళాశాల చరిత్రను వ్రాసినవారిలో 1833 జూన్ నాటి నిబంధనావళిలోని ఒక వాక్యమును ప్రస్తావించనివారు అరుదు. కులముగాని, రంగుగాని, దేశముగాని ఏ మనిషికీ ఈ కళాశాలలో ప్రవేశమునకు అడ్డు కారాదని దాని సారాంశము. ఈ వాక్యము ఉత్సవ సంచికలలోను, స్నాతకోపన్యాసములలోను ఒంటరిగానే కనబడుతుంది. దానికి ముందున్న వాక్యమును కలిపి చదివేవారు తక్కువ. ఆ రెంటిని కలిపి చదివినప్పుడు మనకు కనిపించే చరిత్ర కొంత భిన్నముగా ఉన్నదని మేము భావిస్తున్నాము.

మొదట ఈ నిబంధనను వ్రాసినవారెవరో గమనించాలి. 1818లో కళాశాలను స్థాపించిన విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ ముగ్గురూ బాప్టిస్టులు. ఆంగ్లికన్ సంఘపు 39 విశ్వాస సూత్రములకు సమ్మతి తెలిపి సంతకము చేయనివారికి ఆనాడు ఆక్స్‌ఫర్డులో ప్రవేశమే లేదు. కేంబ్రిడ్జిలో చదువవచ్చునుగాని పట్టా రాదు. ఈ మతపరీక్షలు ఇంచుమించు పూర్తిగా తొలగినది 1871 చట్టముతోనే. కేరీ చెప్పులు కుట్టి జీవించినవాడు. స్వదేశపు విశ్వవిద్యాలయముల గడప తొక్కే అవకాశము లేనివారు పరాయిదేశములో వ్రాసుకున్న నిబంధన ఇది. ఈస్టిండియా కంపెనీ తన రాజ్యములో మిషనెరీలను నిలువనీయలేదు గనుక వారు కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది ఒడ్డున, డేనిష్ పాలనలోనున్న సెరంపూరులో ఆశ్రయము పొందారు. 1827లో డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ ఇచ్చిన శాసనపత్రము వలననే ఈ కళాశాలకు పట్టాలిచ్చే హక్కు సంక్రమించింది.

అదే కాలములో కలకత్తాలో పరిస్థితి ఏమిటి? 1817లో ఆరంభమైన హిందూ కళాశాల హిందూ కుటుంబముల బాలురకే పరిమితము. 1824 నాటి సంస్కృత కళాశాలలో బ్రాహ్మణ, వైద్య కులములవారికి మాత్రమే ప్రవేశము. కాయస్థులను చేర్చుకొనుటకు 1851లో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పూనుకోవలసి వచ్చింది. ఈ నేపథ్యములో సెరంపూరు నిబంధన సామాన్యమైనది కాదు. 37 మంది విద్యార్థులతో తరగతులు ఆరంభమైనప్పుడు వారిలో 19 మంది దేశీయ క్రైస్తవులు, తక్కినవారు హిందువులు. తాను పాపమని తలచే ఏ పనినీ చేయవలెనని ఏ విద్యార్థినీ నిర్బంధించబోమని కళాశాల తొలి ప్రణాళికలోనే వ్రాశారు. మతప్రచారమునకు వచ్చినవారు ఈ మాట వ్రాయుట చిన్న విషయము కాదు.

ఇక ఆ ముందరి వాక్యము. ప్రొటెస్టెంటు, రోమన్ కాథలిక్, గ్రీకు, అర్మేనియన్ సంఘములలో దేనికి చెందినవారినైనా విద్యార్థులుగా చేర్చుకొనవచ్చునని అది చెబుతుంది. తరువాత హిందూ, మహమ్మదీయ యువకుల ప్రస్తావన వస్తుంది. వారిని చదువు నిమిత్తము చేర్చుకొనవచ్చును. అయితే వారి ఆచారములు కళాశాలలో నివసించుటకు అనుమతించవని ఆ వాక్యము చెబుతుంది. అనగా తరగతి గది అందరిది, వసతి మాత్రము కొందరిది.

దీనిని మనస్సాక్షిపట్ల గౌరవముగా చదువవచ్చును. ఒకేచోట భుజిస్తే కులము పోతుందని, కుటుంబము వెలివేస్తుందని భయపడే యువకునికి ఈ ఏర్పాటు లేకపోతే చదువే దక్కదు. కాని ఇదే ఏర్పాటును కులమునకు చేసిన మర్యాదగా కూడా చదువవచ్చును. రెండవ పఠనమును మేము త్రోసిపుచ్చలేము. ఎందుకంటే సెరంపూరు సంఘము తన సభ్యుల విషయములో ఇటువంటి రాజీ పడలేదు. 1800 డిసెంబరులో బాప్తిస్మము పొందిన వడ్రంగి కృష్ణపాల్ మిషనెరీలతో కలిసి భుజించి కులమును విడిచాడు. 1803లో బ్రాహ్మణ కులమునుండి వచ్చిన కృష్ణప్రసాద్ ఆ వడ్రంగి కుమార్తెను వివాహమాడాడు. అదే సంవత్సరము గోకుల్ అనే విశ్వాసి మరణించినప్పుడు శవపేటికను మోసినవారిలో మార్ష్‌మన్‌తోపాటు ఒకప్పటి బ్రాహ్మణుడు, ఒకప్పటి ముస్లిము ఉన్నారు. సంఘములో బల్ల ఒకటే, పాడె ఒకటే. కళాశాలకు వచ్చేసరికి బల్లను ప్రక్కనపెట్టి బెంచీతో సరిపెట్టుకున్నారు.

ఈ చిక్కు పాతబడిపోలేదు. ఉన్నత విద్యాసంస్థలలో వివక్షను నిషేధిస్తూ విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2012లో జారీచేసిన నియమావళి వసతిగృహములను, భోజనశాలలను కూడా ప్రస్తావించవలసి వచ్చింది. 1833కు అది 179 సంవత్సరముల తరువాతి మాట.

మరొక గడప కూడా ఉన్నది. 1827 శాసనపత్రము ప్రకారము ఏర్పడిన తొలి పాలకమండలిలో కేరీ, మార్ష్‌మన్, ఆయన కుమారుడు జాన్ క్లార్క్ మార్ష్‌మన్ ఉన్నారు. భారతీయుడు ఒక్కడూ లేడు. సెరంపూరు ముద్రణాలయములో అనేక భాషల లేఖనములు వెలువడినవంటే దానికి వివిధ ప్రాంతములనుండి వచ్చిన పండితుల శ్రమ కారణము. 1814లో కేరీ పేరుతో వెలువడిన తెలుగు వ్యాకరణము, 1818 నాటి తెలుగు నూతన నిబంధన ఆ ముద్రణాలయమునుండి వచ్చినవే. పండితులకు పని దొరికింది, మండలిలో స్థానము దొరకలేదు. అలాగే నిబంధనలోని “మనిషి” అనే మాట ఆనాటి భావములో పురుషుడే. హన్నా మార్ష్‌మన్ 1800 నుండి బాలికలకు పాఠశాల నడుపుతున్న ఊరిలోనే ఇది జరిగిందని మరువరాదు.

ఒక్క విషయములో వారు తమ కాలముకంటె ముందున్నారు. బోధన ప్రధానముగా దేశభాషలోను సంస్కృతములోను సాగాలని వారి సంకల్పము. స్కాట్లండునుండి వచ్చిన జాన్ మాక్ రసాయనశాస్త్రమును బోధించి, 1834లో ఆ శాస్త్రముపై బెంగాలీలో గ్రంథమును ప్రకటించాడు. వార్డ్ అమెరికాలో పర్యటించి కళాశాలకు సుమారు 10,000 డాలర్లు సేకరించినప్పుడు, ఆ ధనమును వేదాంత విద్యకు తప్ప విజ్ఞానశాస్త్ర బోధనకు వాడరాదని కొందరు దాతలు పట్టుబట్టారు. సెరంపూరువారు దానిని సంకుచితత్వమని నిరసించారు. విదేశీ ధనముతో విదేశీ షరతులు కూడా వస్తాయన్న అనుభవము మన కళాశాలలకు అప్పటినుండే ఉన్నది.

నిబంధన వ్రాసేనాటికే ధనము కరగిపోతున్నది. 1830లో పామర్ కంపెనీ దివాలా తీసింది. 1833 నాటికి కలకత్తాలోని తక్కిన పెద్ద వాణిజ్య సంస్థలు ఒకదాని వెంట ఒకటి కూలినవి. కళాశాల నిధులు వాటితోపాటు పోయినవి. 1834లో కేరీ, 1837లో మార్ష్‌మన్ మరణించారు. 1845లో డెన్మార్కు సెరంపూరును ఆంగ్లేయులకు విక్రయించినప్పుడు కళాశాల హక్కులు ఒప్పందములో భద్రపరచబడినవిగాని, 1883లో ఉన్నత తరగతులే మూతబడి సంస్థ మిషను శిక్షణాలయముగా కుదించుకుపోయింది. ప్రవేశ నిబంధనను ఎవరూ కొట్టివేయలేదు; ప్రవేశించుటకు తరగతులే లేకపోయినవి.

జార్జ్ హవెల్స్ ప్రిన్సిపాలుగా ఉన్న కాలములో 1910లో అన్ని సంఘశాఖలవారికి వేదాంత తరగతులు తిరిగి తెరచుకున్నవి. 1915లో మొదటి బి.డి. పట్టాలు ఇచ్చారు. 1918 నాటి సెరంపూరు కళాశాల చట్టము వేదాంత పట్టాల వ్యవహారమును సెనేటుకు అప్పగించి, ఇతర ప్రాంతముల వేదాంత కళాశాలలు అనుబంధమగుటకు త్రోవ చేసింది. హుగ్లీ నదిని ఎన్నడూ చూడని తెలుగు విద్యార్థులకు సెరంపూరు పట్టా లభించుట ఆ త్రోవననే. వారిలో అనేకులు దళిత కుటుంబములనుండి వచ్చినవారు. వసతిగృహములో కలిసి నివసించి, ఒకే బల్లవద్ద భుజించి చదివినవారు.